ప్రధాని విమానమో కాదో మేడ మీద నుంచే కనిపెట్టడం ఎలా

విశాఖలో ప్రధాని సభ ఉందంటే చాలు, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో "ఇప్పుడే మా మేడ మీదుగా మోదీ విమానం వెళ్లింది" అని వీడియోలు మొదలైపోతాయి, తీరా చూస్తే అది కోల్‌కతా నుంచి చెన్నై పోయే మామూలు విమానం అయ్యుంటుంది.

ముందు ఆయన ఎక్కడి నుంచి వస్తున్నారో కనుక్కోండి. ఢిల్లీ నుంచి నేరుగా వస్తే సూటి దారి ఛత్తీస్‌గఢ్, అరకు కొండల మీదుగా, మనకి కనపడే అవకాశం తక్కువ. భువనేశ్వర్ నుంచి అయితే వేరు, మ్యాపులో ఆ ఊరికీ విశాఖకీ గీత గీస్తే అది శ్రీకాకుళం మీదుగానే పోతుంది. 2025 జూన్ 20న, యోగా డే ముందు రోజు, ఆయన భువనేశ్వర్‌లో సభ చూసుకుని, సాయంత్రానికి విశాఖ వచ్చారు.

ఎత్తులో ఉన్నప్పుడు అక్షరాలు చదవలేం, కాబట్టి ఆకారం చూడాలి, బైనాక్యులర్స్ ఉంటే మంచిది. దేశంలో తిరగడానికి ఎక్కువగా వాడేది బోయింగ్ 737 బిజినెస్ జెట్, ఇవి మూడున్నాయి: రాజ్‌దూత్, రాజ్‌హంస్, రాజ్‌కమల్. రెక్కల కింద ఒక్కో ఇంజను, తోక మొదట్లో వీపు మీద నుంచి ఏటవాలుగా లేచే చిన్న మడత. ఇంజన్లు తోక దగ్గర అతికించినట్టుంటే అది వాయుసేన వాళ్ల చిన్న జెట్ ఎంబ్రేయర్ కావచ్చు. విదేశాలకి ఎక్కువగా వాడే పెద్దవి 2020లో వచ్చిన రెండు బోయింగ్ 777లు, వీటి ఇంజను ఒక్కటే దాదాపు 737 విమానం ఒళ్లంత లావు, దిగేటప్పుడు చూస్తే రెక్కల కింద ఒక్కో పక్క ఆరేసి చక్రాలు. అవి కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు అనకండి, మామూలు ప్రయాణికుల 777లకీ అంతే. దగ్గరగా ఉంటే తెల్లటి ఒంటి మీద హిందీలో భారత్, ఇంగ్లిషులో ఇండియా, మధ్యలో మూడు సింహాలు, తోక మీద మువ్వన్నెలు కనపడాలి. నంబరు కూడా మామూలు విమానాల్లా వీటీ (VT) అక్షరాలతో కాకుండా కే అక్షరంతో మొదలవుతుంది, వాయుసేనవి కదా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఎయిర్ ఇండియా వన్" అనే పేరు పాత 747ల రోజుల్లోది, అప్పుడు నడిపింది ఎయిర్ ఇండియా పైలట్లే. ఇప్పటి 777లు వాయుసేన పైలట్ల చేతిలో ఉన్నాయి, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని కోసం. మన ఎంపీ రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రే అయినా ఇవి ఆయన శాఖవి కావు, రక్షణ శాఖవి. సీఎంలు తిరిగే హెలికాప్టర్లకీ వీటికీ సంబంధం లేదు.

ఫ్లైట్ యాప్‌లో కనపడలేదని లేదనుకోకండి, ఇలాంటివి ఒక్కోసారి చూపించదు. విశాఖ వెళ్లి ఫొటో తీద్దామనుకుంటే అక్కడి విమానాశ్రయం నేవీ వాళ్ల స్థావరం ఐఎన్ఎస్ డేగా, రన్‌వే వైపు కెమెరా ఎత్తితే గొడవ. సభ రోజున డ్రోన్ అయితే అసలు బయటికే తీయకండి, పోలీసులు ముందే నిషేధం పెడతారు.