సముద్రం దగ్గర ఫ్లాట్ చూడ్డానికి వెళ్తున్నారా? ప్లాస్టిక్ కవర్, టేపు పట్టుకెళ్లండి

సముద్రం పక్కన రెండు మూడంతస్తుల బిల్డింగుల్లో ఖాళీ ఫ్లాట్ చూస్తే గోడలన్నీ కొత్త రంగుతో మెరిసిపోతుంటాయి. చెమ్మ సంగతి మాత్రం సామాను సర్దుకున్నాక, బీరువాలో బట్టలు బూజు వాసన కొట్టినప్పుడే బయటపడుతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఓనర్‌ని ఒక్కరోజు గడువు అడగండి. దళసరి ప్లాస్టిక్ కవర్‌ని అడుగు పొడవు, అడుగు వెడల్పున కత్తిరించి, పొడిగా ఉన్న గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేయండి. కింది అంతస్తయితే నేలకు జానెడు ఎత్తులో, పై అంతస్తయితే డాబా కిందికి వచ్చే గోడ పైభాగంలో. 24 గంటలయ్యాక విప్పండి. గోడవైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోనే ఉంది. గదివైపు ఉంటే అది గాలిలో తేమ. నేనైతే మొదటి రకం ఫ్లాట్ జోలికి పోను.

ఎండాకాలంలో ఇది నమ్మలేం, వానల్లో ఊరే గోడ కూడా అప్పుడు పొడిగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు గోడ అడుగున ఉప్పులా రాలే తెల్లపొడి ఉందేమో చూడండి. అన్నట్టు, కొత్త రంగు మీద టేపు మెల్లగా లాగండి, పెచ్చు ఊడితే ఓనర్ ఊరుకోడు.