హబుల్‌తో పని, 4వ పాఠం: రాత్రి వేరు, మరుగు వేరు

పోయిన పాఠంలో, హబుల్ అనే అంతరిక్ష టెలిస్కోపు భూమిని చుట్టే ఒక్కో చుట్టుకి ఎన్ని ఫొటోలు పడతాయో లెక్క కట్టమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటిలో ఒకటే తప్పు. అందుకే ఫిల్టర్ల సంగతి వచ్చేసారికి జరిపాను.

హబుల్ దాదాపు 95 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. "అందులో 36 నిమిషాలు చీకటి, ఫొటోలకు అవే పనికొస్తాయి" అని విజయనగరం నుంచి ఇద్దరు, ఆమదాలవలస నుంచి ఒకరు రాశారు. మనకి పగలు చుక్కలు కనపడనిది గాలిలో వెలుగు చెదరడం వల్ల. అంత ఎత్తున ఆ బెడద లేదు. హబుల్‌కి అడ్డొచ్చేది భూమి.

ఇంట్లోనే చూడండి. అడుగు వెడల్పు బిందె భూమి అనుకుంటే హబుల్ తిరిగేది చిటికెన వేలి మందం ఎత్తులో. బిందె పొట్టకి అంత మందాన పిండిముద్ద అద్ది, దాని మీద చింతపిక్క గుచ్చండి. ఒక పక్క దీపం, అదే సూర్యుడు. ఎదురుగోడకి కేలండర్, అది మీ నక్షత్రం. బిందెను మెల్లగా తిప్పండి. పిక్కకీ దీపానికీ మధ్య బిందె వస్తే రాత్రి. పిక్కకీ కేలండర్‌కీ మధ్య వస్తే మరుగు. ఇలా పెట్టినప్పుడు కేలండర్ మరుగయ్యేది పట్టపగలే! ఇప్పుడు కేలండర్‌ని పైకప్పుకి అంటించండి. రాత్రి వస్తూనే ఉంటుంది, మరుగు మాత్రం ఒక్కసారీ రాదు. 1995 డిసెంబరులో సప్తర్షి మండలంలో అలాంటి చోటే ఎంచుకుని, పది రోజుల్లో 342 ఫొటోలు తీశారు.

రాత్రయినా మరుగైనా అడ్డం ఆ ఒక్క భూమే కనుక రెండూ ఎక్కువలో ఎక్కువ 36 నిమిషాల దగ్గరే తేలతాయి. అంకె ఒకటే కదా అని కలిపేయకండి. నేనైతే కాగితం మీద ముందు మరుగు గీత గీస్తాను, రాత్రి జోలికి తర్వాతే వెళ్తాను. వెలుగున్న భూమి అంచుకి 20 డిగ్రీల ఎడం కూడా వదలాలి కాబట్టి చేతికి మిగిలేది 50 నిమిషాలు, కాస్త అటూ ఇటూ.

సూర్యుడికి 50 డిగ్రీల లోపు హబుల్‌ని తిప్పరు. ఏ నెలలో సూర్యుడు ఎక్కడుంటాడో అరసవల్లి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అభ్యాసం: కృత్తిక. పంచాంగం ముందు పెట్టుకుని, కుదరని నెలలు కొట్టేయండి. తర్వాత 15 నిమిషాల ఫొటోలు పన్నెండు సర్దండి. ప్రతి చుట్టులో దారిచుక్కల్ని (గురి చెదరకుండా హబుల్ ఆనవాలుగా పెట్టుకునే చుక్కల్ని) పట్టుకోవడానికి 6 నిమిషాలు, ఒక్కో ఫొటోకి అదనంగా 2 నిమిషాలు తీసేయాలి. ఎన్ని చుట్లు? మరుగు, రాత్రి వేర్వేరు రంగుల్లో గీసిన కాగితం పంపండి. అంకె ఒక్కటే పంపితే దిద్దను.