గుహల్లోకి వెళ్ళేవాళ్ళు తప్పక పాటించాల్సిన జాగ్రత్తలు

మొన్న గుంటూరు నుంచి వెళ్ళిన కుర్రాళ్ళ బ్యాచ్ ఒకటి గుహలో దారి తప్పి, అర్ధరాత్రి దాటాక ఎలాగో బయటపడింది. ఒకడి చెయ్యి విరిగింది. ప్రాణాలతో వచ్చారు, అదే చాలు. ఇప్పుడు కార్తీక మాసం. వనభోజనాలని గుత్తికొండ బిలానికి, రైలెక్కి బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు మన విజయవాడ, గుంటూరు జనం బయల్దేరుతారు.

బెలుం గుహల్లో లైట్లున్నాయి, దారి ఉంది. 3,229 మీటర్లలో కిలోమీటరున్నర దాకే పోనిస్తారు, అది దాటకండి. లైట్లు లేని గుహల సంగతే నా భయం.

టార్చి, నీళ్ళు, బూట్లు అందరూ చెప్పేవే. మనుషులను ముంచే తప్పు ఇంకొకటి: వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోవడం. పోయేటప్పుడు ఎదురుగా ఒకటే సొరంగం ఉంటుంది. పక్కనుంచి వచ్చి కలిసే దారి మీ భుజం వెనక ఉండిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే చోట రెండు నోళ్ళు కనబడతాయి, రెండూ ఒకే ఎత్తు, ఒకే బూడిద రంగు రాయి. టెన్షన్‌లో పెద్దగా ఉన్నదాంట్లోకే దూరతారు.

బయల్దేరాక వెనక్కి చూడకూడదని పెద్దలంటారు. గుహలో ఆ మాట పక్కనపెట్టండి. ప్రతి చీలిక దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, టార్చి వేసి, వచ్చిన దారిని ఫోటో తియ్యండి. గోడ మీద బాణాలు గీయొద్దు. ముందు వచ్చినవాళ్ళు గీసినవి ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. రంగు రిబ్బను కట్టి, వస్తూ విప్పుకోండి.

ఆదిమానవులు కూడా ఎక్కువగా గుహ ముఖం దగ్గర, వెలుగు పడే చోటే కాపురమున్నారు. బిల్లసర్గంలో 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించినప్పుడు జంతువుల ఎముకలు, ఎముక పనిముట్లు దొరికాయి. బెలుంలో క్రీ.పూ. 4500 నాటి మట్టిపాత్రల పెంకులు దొరికాయి. అలాంటి మట్టి మీద నడుస్తున్నారు. తవ్వొద్దు, ఏదీ జేబులో వేసుకోవద్దు.

కార్తీక దీపం బయటే పెట్టండి. లోపల కర్పూరం కూడా వద్దు, ఉన్న కాస్త గాలీ పొగవుతుంది. పల్లపు గుంటల్లోకి దిగొద్దు. బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువు, అక్కడే పేరుకుంటుంది. గబ్బిలాల రెట్ట దుమ్ము రేపొద్దు, ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. తేనెపట్టు కనిపిస్తే ఆ ఛాయలకే పోవద్దు. మందు తాగి వెళ్ళొద్దు. మబ్బు పట్టిందా, వెళ్ళనే వద్దు. 2018లో థాయిలాండ్‌లో వాననీరు గుహను ముంచి, పన్నెండుమంది పిల్లలు, వాళ్ళ కోచ్ చిక్కుకుంటే, అందరినీ తీసేసరికి రెండు వారాలు దాటింది. ఒంటరిగా వద్దు. ఫోన్ లైటును నమ్ముకుని వద్దు. మనిషికొక టార్చి, విడి బ్యాటరీలు. మలుపు తిరిగారా? వెనక్కి చూడండి. ఇంకో మలుపా? మళ్ళీ చూడండి.

దారి తెలియకపోతే నడవకండి. కూర్చోండి. ఒక్క టార్చి ఉంచి మిగతావి ఆర్పండి. లోపల సిగ్నల్ ఉండదు. ఒకరిని బయటే ఉంచి, ఇన్నింటికి రాకపోతే 112కు ఫోన్ చెయ్యమని ముందే గట్టిగా చెప్పండి.