పాత వెండి నాణేలు కొనేముందు ఇవి చూస్కోండి

వెండి రేటు పెరిగితే పాత నాణేలు కూడా బాగా అమ్మకానికి వస్తాయి, తొందరపడకండి.

– అన్నిటికన్నా ముందు సంవత్సరం చూడండి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అమెరికా హాఫ్ డాలర్ 1964 వరకు 90 శాతం వెండి, 1965 నుంచి 1970 దాకా 40 శాతమే, చూడ్డానికి మాత్రం ఒకేలా ఉంటాయి. బ్రిటిష్ ఇండియా రూపాయి కూడా అంతే, 1940లో 50 శాతానికి దించేశారు.

– మొత్తం బరువుకి రేటు కట్టొద్దు, అందులో ఉన్న వెండికే కట్టండి. రేటు ఔన్సుల్లో చెప్తే అది ట్రాయ్ ఔన్స్, అంటే 31.1 గ్రాములు, మామూలు ఔన్సులా 28.35 కాదు.

– అయస్కాంతానికి అతుక్కోలేదని నమ్మేయకండి, రాగి, ఇత్తడి కూడా అతుక్కోవు. బరువు, వ్యాసం, మందం మూడూ కొలిచి, ఆ నాణేనికి ఉండాల్సిన కొలతలతో పోల్చండి.

– బాగా అరిగినవైతే తూకం తప్పనిసరి.

– కొన్నాక పాలిష్ చేయొద్దు ప్లీజ్, అరుదైన సంవత్సరమైతే నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చే ధర పడిపోతుంది.