నెల్లూరు చూడాలంటే ఏటి నుంచి చెరువు దాకా నడవండి

నెల్లూరులో చూడ్డానికి ఏముంది, చేపల పులుసు తిని రావడమేగా అంటుంటారు మా హైదరాబాదు చుట్టాలు. రైలు దిగగానే ఆటో మాట్లాడుకుని మైపాడు బీచికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేస్తే ఊరు ఎట్లా కనపడుతుంది మరి? పాత నెల్లూరుకి ఒక పక్క పెన్న, ఇంకో పక్క చెరువు. ఏటి దగ్గర మొదలుపెట్టి పొద్దుగూకేసరికి చెరువు గట్టుకు చేరండి, ఊరు దానంతటదే అర్థమవుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల రండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, ఇక మే నెల ఎండకి రమ్మని నేను శత్రువుక్కూడా చెప్పను.

పొద్దున్నే ఆరింటికల్లా రంగనాయకులపేటలో ఉండాలి. తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురం దూరం నుంచే కనపడుతుంది, కానీ ముందు గుడిలోకి పోకుండా వెనక ఏటి మెట్ల మీదికి పోండి. ఆ టైముకి ఎవరో ఒకరు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి తర్పణాలు వదులుతుంటారు, పిండం ఎప్పుడు పెడతారా అని కాకులు మెట్ల మీద కాచుకుని ఉంటాయి. స్వామి పడుకునే ఆదిశేషుడే కొండగా మారాడు కాబట్టి తల్పగిరి అయిందని స్థలపురాణం. లోపల అద్దాల మండపం ఉంది, పిల్లలు అక్కణ్ణించి ఒక పట్టాన కదలరు. ఒక మాట, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. ఒకసారి ఏప్రిల్లో తీరుబడిగా టిఫిన్ చేసి పన్నెండు దాటాక పోయి, మూసిన తలుపులు చూసి, కాలే బండల మీద ఉత్త కాళ్ళతో గంతులేసుకుంటూ వెనక్కొచ్చాను.

అక్కణ్ణించి మూలాపేట మూలస్థానేశ్వరస్వామి గుడికి. నడవగలిగితే నడవండి, పాత బజారు వీధుల్లో ఆటో కంటే కాళ్ళే నయం. ముక్కంటిరెడ్డి అనే ఆయనకి ఉసిరి చెట్టు కింద శివలింగం దొరికిందనీ, అరవంలో ఉసిరిని నెల్లి అంటారు కాబట్టి ఊరికి ఆ పేరొచ్చిందనీ ఒక కథ. కాదు, నెల్లు అంటే వడ్లు, వడ్లు పండే ఊరు కాబట్టి నెల్లూరని ఇంకో మాట. మొలగొలుకుల అన్నం తిని పెరిగినవాణ్ణి కదా, నా ఓటు వడ్లకే.

ఈ రెండు గుళ్ళూ ఒకే పూటలో చూడమనడానికి ఒక కారణం ఉంది. 13వ శతాబ్దంలో ఈ ఊరు విక్రమసింహపురి, ఏలిన రాజు మనుమసిద్ధి, ఆయన కొలువులో మంత్రి తిక్కన. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెనిగించి, శివుడూ విష్ణువూ ఒకటేనని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. అటు రంగనాథుడు, ఇటు మూలస్థానేశ్వరుడు, మధ్యలో ఆ కవి తిరిగిన ఊరు. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు పోయి గణపతిదేవుడి సాయం తెచ్చిందీ ఆయనే. ఇవి తెలిసి నడిస్తే ఆ వీధులు వేరేగా కనపడతాయి.

మధ్యాహ్నం భోజనం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, జనం ఎక్కువున్న మెస్‌లో కూర్చోండి. పులుసులో మామిడికాయ ముక్క పడిందా లేదా చూసుకోండి, బొమ్మిడాయిలు దొరికితే వదలొద్దు.

ఎండ తగ్గాక చెరువు గట్టున బారాషహీద్ దర్గాకి పోండి. పన్నెండు మంది అమరవీరుల సమాధులు ఇక్కడున్నాయి. మొహర్రం నెలలో రొట్టెల పండగ జరిగేది ఈ చెరువులోనే. నీళ్ళలో దిగి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని ఎవరికి కావాల్సింది వాళ్ళు అడుగుతుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెడతారు. ఇచ్చేవాళ్ళు హిందువులా ముస్లిములా అని అక్కడెవరూ అడగరు. పండగ చూడాలనుకుంటే దానికోసమే రండి, ఆ రోజుల్లో పైన చెప్పిన నడక పెట్టుకుంటే జనంలో ఇరుక్కుపోతారు, లాడ్జి రూములు దొరకవు, అనవసరమైన టెన్షన్. మామూలు రోజుల్లో సాయంత్రం ప్రశాంతంగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

రెండో రోజు ఉంటే మైపాడు రోడ్డు పట్టండి, కానీ దారిలో పల్లెపాడు దగ్గర ఆగండి. పెన్న ఒడ్డున ఉన్న పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారే ప్రారంభించారు. జొన్నవాడ కామాక్షమ్మ, నరసింహకొండ ఇంకో పూట. ఉదయగిరి కోట సుమారు 100 కిలోమీటర్లు, దానికి ఒక రోజంతా కావాలి. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని శ్రీకృష్ణదేవరాయలు 1514లో పట్టుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఎక్కడానికి గట్టి చెప్పులు, మంచినీళ్ళు తప్పనిసరి.

తిరుగు రైలెక్కే ముందు మలై కాజాలు కొనుక్కోండి. అట్టపెట్టె వద్దని చెప్పి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టించుకోండి. పాకం కారి నా సంచిలో రెండు చొక్కాలు పాడయ్యాయి.