మిలటరీ సర్పంచ్ గారి జీవిత చరిత్ర రాయదలచిన వారికి

సైన్యంలో పదిహేను ఇరవై ఏళ్లు పనిచేసి, పెన్షన్‌తో సొంత ఊరికి తిరిగివచ్చి, సర్పంచ్‌గానో మునిసిపల్ కౌన్సిలర్‌గానో గెలిచిన పెద్దలు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్నయితే జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. ఇటువంటి వారు కాలం చేశాక వారి జీవితమంతా పెద్దకర్మ నాటి కరపత్రంలో ‘నిరాడంబరులు, ప్రజల మనిషి’ అన్న రెండు మాటలకు కుదించుకుపోతుంది. అంతకంటే వివరంగా, ఒక ముప్పై నలభై పేజీల పుస్తకంగా రాయాలనుకునే కొడుకులకూ మనవలకూ ఉపయోగపడుతుందని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందు కాగితాలు చూడాలి, ఆ తరువాతే మనుషులను అడగాలి. మా పెదతాతగారి విషయంలో నేను ఈ వరసను తిరగేసి, ఏడాది పాటు ఊళ్లో కనిపించిన ప్రతివారినీ అడిగి, ఆయన 1971లో ఢాకా దాకా నడిచివెళ్లారని ఒక అధ్యాయమే రాసిపెట్టుకున్నాను. చివరికి అటక మీది ట్రంకుపెట్టె దింపి చూస్తే, అందులో ఉన్నది పశ్చిమీ స్టార్. అది పశ్చిమ సరిహద్దులో పనిచేసినవారికి ఇచ్చే పతకం. తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్ ఇచ్చారు. రాసిన అధ్యాయం చింపేయవలసి వచ్చింది.

పెట్టెలో మొదట వెతకవలసినది డిశ్చార్జ్ బుక్. సర్వీసు నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ట్రేడు (చేసిన పని రకం), చివరి ర్యాంకు, పొందిన పతకాలు, ప్రవర్తనపై అధికారి వేసిన మాట, ఇవన్నీ అందులోనే ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మవద్దు, ఎందుకంటే బడి సర్టిఫికెట్ లేకుండా భర్తీ అయినవారికి అక్కడి గుమస్తా ఒక అంచనా వేసి రాసుకునేవాడు. ఆ పుస్తకం దొరకకపోతే పెన్షన్ మంజూరు పత్రం, అంటే పి.పి.ఓ., మీద సర్వీసు నంబరు ఉంటుంది. ఆ నంబరుతోనూ, బంధుత్వం రుజువు చేసే పత్రంతోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగవచ్చు, లేదా నేరుగా ఆయన దళానికి చెందిన రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయవచ్చు. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లోనూ, ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళానిది, నాసిక్ రోడ్ క్యాంపులోనూ, మద్రాస్ శాపర్లు అనే ఇంజనీర్ల దళానిది బెంగళూరులోనూ, ఈ.ఎం.ఈ., అంటే ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళానిది, సికింద్రాబాద్‌లోనూ ఉన్నాయి.

ర్యాంకు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఊళ్లో అందరూ ‘కెప్టెన్ గారు’ అన్నంత మాత్రాన ఆయన కెప్టెన్ కారు. మా పెదతాతగారు హవల్దార్‌గా దిగినవారు. నిజంగానే సుబేదార్ హోదాలో ఉండి, పదవీ విరమణ వేళ గౌరవ కెప్టెన్ హోదా పొందినవారూ ఉన్నారు కనుక, ఏది నిజమో కాగితం చూసే తేల్చాలి. పాత కాగితాల్లో ‘జమేదార్’ అని కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు, ఇప్పటి నాయబ్ సుబేదార్‌కు 1965 వరకూ ఉన్న పేరు అదే. అలాగే సిపాయి అన్న మాట అన్ని దళాల్లోనూ వాడరు: ఆర్టిలరీలో గన్నర్ అనీ, ఇంజనీర్లలో శాపర్ అనీ, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్ అనీ అంటారు.

పతకాలను భూతద్దం పెట్టి చూడండి. గుండ్రటి పతకమైతే అంచు మీద, నక్షత్రాకారపుదైతే వెనుకవైపున, నంబరూ ర్యాంకూ పేరూ సన్నగా చెక్కి ఉంటాయి. మా ఇంట్లోని దాని మీద పట్టిన మసి మెత్తటి గుడ్డతో తుడిచాక, ముందు నంబరులోని చివరి మూడు అంకెలు తేలాయి, ఆ తరువాత ఇంటిపేరు లేకుండా ఒక్క పేరు. తోముడు పొడి మాత్రం వాడకండి, అక్షరాలు అరిగిపోతాయి. పతకం పేరును బట్టి చాలా సంగతులు తెలుస్తాయి. 1971 నాటి సంగ్రామ్ మెడల్, 1965 నాటి రక్షా మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నవారికి విరివిగా ఇచ్చినవి కనుక, అవి ఉన్నంత మాత్రాన ఆయన ముందు వరుసలో పోరాడారని రాయకూడదు. సమర సేవా స్టార్, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ అయితే యుద్ధరంగంలో పనిచేసినందుకు వచ్చినవి. ఈ తేడా చెబితే కుటుంబంలో కొందరు నొచ్చుకుంటారు, అయినా చెప్పక తప్పదు.

ఉత్తరాలుంటే అదృష్టమే. వాటి మీద ‘కేరాఫ్ 56 ఎ.పి.ఓ.’ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే ఆయన ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లోనూ, ‘99 ఎ.పి.ఓ.’ అని ఉంటే తూర్పు ప్రాంతంలోనూ ఉన్నారని స్థూలంగా అనుకోవచ్చు. ఏ ఊరో తెలియకుండా ఉండాలన్నదే ఆ చిరునామా ఉద్దేశం కనుక అంతకు మించి ఊహించకండి.

ఇక పంచాయతీ కాలం. ఎన్నిసార్లు గెలిచారో, ఎప్పుడెప్పుడో ముందు తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు ఐదేళ్లకొకసారి క్రమం తప్పకుండా జరగలేదు. 1970 తరువాత 1981లోనూ, ఆ పిమ్మట 1988, 1995, 2001, 2006 సంవత్సరాల్లోనూ జరిగాయి. ఎవరైనా ‘1984లో గెలిచారు’ అంటే అది ఉప ఎన్నిక కావచ్చు, జ్ఞాపకం తప్పడమూ కావచ్చు. 1984లోనే కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. అంతకుముందు ‘తాలూకా’, ‘సమితి’ అని వాడిన మాటలను అలాగే ఉంచాలి గాని, ఇప్పటి మండలం పేరు తగిలించకూడదు.

పంచాయతీ కార్యాలయంలో ఉండే తీర్మానాల పుస్తకానికి మించిన ఆధారం లేదు. అడిగితే చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఆ పుస్తకంలో వీధి దీపాలు, బోరు మరమ్మతు, చెరువు చేపల వేలం వంటి చిన్న విషయాలే ఉంటాయి, నా దృష్టిలో అసలు జీవితం అక్కడే ఉంది. నేను చూసిన ఒక పేజీలో చేపల వేలం వాయిదా వేస్తూ తీర్మానం తెలుగులో ఉంటే, కింద పెదతాతగారి సంతకం హిందీలో ఉంది. ఆయన బడికి వెళ్లలేదు, చదువు నేర్చుకున్నది సైన్యంలోనే. నలభై ఏళ్ల వయసులో సర్పంచ్ అయ్యాక తెలుగు కూడబలుక్కుంటూ చదివేవారట. ‘క్రమశిక్షణ గలవారు’ అని రాయడం కంటే ఈ సంతకం బొమ్మ ఒకటి అచ్చువేస్తే చాలు.

‘బడి కట్టించారు, రోడ్డు వేయించారు’ అన్న మాటలను శిలాఫలకాలతో సరిచూడాలి. రాయి మీద పైన మంత్రిగారి పేరు పెద్ద అక్షరాల్లో, అడుగున సర్పంచ్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి, తేదీ మాత్రం స్పష్టంగా ఉంటుంది. శంకుస్థాపన తేదీని ప్రారంభోత్సవ తేదీగా పొరబడకండి, నడుమ ఇద్దరు సర్పంచ్‌లు మారిన సందర్భాలున్నాయి. మాజీ సైనికుడిగా ఆయనకు డి-ఫారం పట్టా భూమి, అంటే ప్రభుత్వం కేటాయించిన భూమి, వచ్చి ఉంటే, దాని గురించి ఊళ్లో తగాదా నడిచి ఉంటే, అదీ రాయండి. ప్రత్యర్థి పేరు అవసరం లేదు, వారి వాదన మాత్రం న్యాయంగా చెప్పాలి.

ఇవన్నీ చేతిలో ఉన్నాక మనుషుల దగ్గరకు వెళ్లండి. యుద్ధం గురించి నేరుగా అడిగితే పాత సైనికులు ముభావంగా ఉండిపోతారు. రైలు వారెంటు (సైన్యం ఇచ్చే ప్రయాణ పత్రం) మీద చేసిన మొదటి ప్రయాణం, చలి, లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, పెట్టిన రొట్టెలు, మొదటి సెలవు, వీటితో మొదలుపెడితే మాటలు వాటంతటవే వస్తాయి. ఆయన భార్య జీవించి ఉంటే మొదట ఆవిడనే అడగాలి. మా పెద్దనాయనమ్మకు సంవత్సరాలు తెలియవు, కానీ ‘రెండోవాడు పాకే రోజుల్లో మనియార్డరు మూడు నెలలు రాలేదు’ అన్నది. రెండో పెదనాన్న పుట్టిన తేదీతో లెక్కవేస్తే అది 1971 చలికాలమని తేలింది. మూడో నెల్లో మనియార్డరు బదులు తంతి వచ్చిందట. తంతి అంటే చావుకబురే అనుకుని, దాన్ని విప్పకుండానే ఆవిడ పోస్టుమాస్టరు ఇంటికి పరుగెత్తింది.