ఒక్క తీగ లాగండి చాలు, హారర్ డొంకంతా కదులుతుంది

హారర్ బాగా చూస్తాం అనేవాళ్లలో చాలామందికి ఒక దగ్గర బండి ఆగిపోతుంది. మసూద చూసేశారు, విరూపాక్ష చూసేశారు, పొలిమేర రెండు పార్టులూ ఐపోయాయి, కాంజురింగ్ సిరీస్ కూడా ఐపోయింది, ఇంక చూడ్డానికి ఏముంది అంటారు. సర్లే పాతవి చూద్దాం అని నెట్‌లో దొరికిన ఏదో టాప్ హండ్రెడ్ లిస్టు పట్టుకుని 1920 నుంచి వరసగా మొదలెడతారు, రెండో మూకీ సినిమాకే నిద్రొచ్చి వదిలేస్తారు. ఈ పోస్టు వాళ్ల కోసమే. వందేళ్ల హారర్ ఉంది మనకి, అందులో చాలా భాగం ఇవాళ చూసినా ఒళ్లు జలదరిస్తుంది, కాకపోతే వెళ్లే దారి వేరే ఉంది.

ముందు మిమ్మల్ని నిజంగా భయపెట్టిన ఒక్క సీన్ గుర్తు తెచ్చుకోండి. మొత్తం సినిమా అక్కర్లేదు, సీన్ చాలు. ఇప్పుడు ఆలోచించండి, అక్కడ భయం ఎందుకేసింది? ఏదో కనపడినందుకా, కనపడాల్సింది కనపడనందుకా, ఏదైనా శబ్దం వల్లా, లేకపోతే మనకి బాగా తెలిసిన మనిషే మారిపోయినందుకా? ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. మీరు లాగాల్సిన తీగ అదే, ఆ రకం భయాన్ని అంతకుముందు ఎవరు ఎలా తీశారో వెతుక్కుంటూ ఒక్కో సినిమా వెనక్కి వెళ్లడమే పని. అప్పుడు 1942 సినిమా కూడా పాత సినిమాలా అనిపించదు, ఎందుకంటే మీకు నచ్చిన పనినే ఇంకొకళ్లు మీకంటే ముందు ఎంత శ్రద్ధగా చేశారో చూడ్డానికి కూర్చుంటారు.

ఉదాహరణకి మీ సమాధానం "కనపడనందుకు" అనుకుందాం. ఐతే నేరుగా క్యాట్ పీపుల్ దగ్గరికి వెళ్లండి, 1942, ఆర్‌కెవో స్టూడియో, ప్రొడ్యూసర్ వాల్ ల్యూటన్, డైరెక్టర్ జాక్ టర్నర్. బడ్జెట్ చాలా తక్కువ, అందుకని భయాన్నంతా నీడల్లో, శబ్దంలో పెట్టారు. అందులో ఒక సీన్ ఉంటుంది, రాత్రిపూట ఒకమ్మాయి పార్క్ గోడ పక్కన నడుచుకుంటూ పోతూ ఉంటుంది, వెనకాల ఇంకో ఆడమనిషి హీల్స్ చప్పుడు టక్ టక్ టక్ అని వస్తూ ఉంటుంది. మ్యూజిక్ లేదు. ఒక వీధి దీపం కింద వెలుగు, తర్వాత చీకటి, మళ్లీ వెలుగు. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. ఈ అమ్మాయి వెనక్కి చూస్తే ఎవరూ లేరు, నడక వేగం పెంచుతుంది, మనం కూడా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాం, సరిగ్గా అప్పుడు చిరుతపులి బుసకొట్టినట్టు ఒక శబ్దం, ఫ్రేమ్‌లోకి దూసుకొచ్చేది చూస్తే సిటీ బస్సు, ఆ శబ్దం దాని బ్రేకులది. ఇవాళ మనం జంప్ స్కేర్ (ఒక్కసారిగా ఉలిక్కిపడేలా చేసే షాట్) అంటున్నదానికి మూలం ఇక్కడే ఉంది, ఇప్పటికీ సినిమావాళ్లు ఈ ట్రిక్కుని ల్యూటన్ బస్ అనే పిలుస్తారు. ఇంకా గమనిస్తే బస్సు వచ్చాక కూడా మనకి నెమ్మది రాదు, ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్లిపోతుంది కానీ వెనకాల వచ్చిందేంటో మనకి తెలీదు కదా. ఇప్పుడొచ్చే జంప్ స్కేర్లలో చాలావాటికి లేనిది ఇదే.

ఆ తీగ ఇంకా లాగండి. ల్యూటన్ దగ్గర డైరెక్షన్ మొదలుపెట్టినాయన రాబర్ట్ వైజ్, ఆయన 1963లో ది హాంటింగ్ తీశాడు. పెద్ద పాత బంగ్లా, అందులో దెయ్యం ఉందంటారు, సినిమా ఐపోయేదాకా అది ఒక్కసారి కూడా కనపడదు. తలుపు అవతల నుంచి ఎవరో బాదుతున్నట్టు చప్పుడు, చెక్క తలుపు మెల్లగా లోపలికి ఉబ్బుతుంది, అంతే. ఇంకోచోట ఒకావిడ చీకట్లో భయపడి పక్కమనిషి చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది, తీరా లైటు వేసేసరికి ఆ పక్కమనిషి దూరంగా ఇంకో మంచం మీద ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? నాకు హారర్‌లో ఇంతకన్నా గొప్ప ప్రశ్న ఇంకోటి ఎదురుపడలేదు. దీంతోపాటు 1961లో వచ్చిన ది ఇన్నోసెంట్స్ చూడండి, అందులో దెయ్యం పగటిపూటే చెరువు అవతల రెల్లులో ఊరికే నిలబడి ఉంటుంది, ఏమీ చెయ్యదు, అదే భయం. అక్కడ్నుంచి 2001 ది అదర్స్‌కి రండి, 1999 బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్‌కి రండి, ఆ రెండోదాంట్లో నటులే కెమెరాలు పట్టుకుని అడవిలో తిరుగుతారు, మంత్రగత్తె అసలు కనపడదు. అరవై ఏళ్ల సినిమాలు, ఒక్కటే ఐడియా. ఇవన్నీ చూశాక మళ్లీ మసూద పెట్టుకోండి, ఎక్కడ చూపించాడు ఎక్కడ దాచాడు అన్నది కొత్తగా కనపడుతుంది.

ఒకవేళ మీ సీన్ పొడుగు జుట్టు, తెల్లబట్టలు, మొహం కనపడని ఆడదెయ్యం అనుకోండి, మీ దారి జపాన్‌కి. 2002 అమెరికా రింగ్ చాలామంది చూసే ఉంటారు, దాని అసలుది 1998లో హిడియో నకాటా తీసిన రింగు. టీవీలోంచి బయటికొచ్చే సడాకో నడక అంత వింతగా ఎందుకుంటుందంటే ఆ నటి చేత వెనక్కి నడిపించి, షూట్ చేసి, దాన్ని రివర్స్‌లో వేశారు. కాళ్లు, భుజాలు కదిలే పద్ధతి ఎక్కడో తేడా కొడుతుంది, ఏంటో చెప్పలేం. గ్రాఫిక్స్ ఖర్చు లేకుండా ఇంత పని జరిగింది.

రింగు నుంచి ఇంకా వెనక్కి వెళ్తే 1964 క్వైదాన్ వస్తుంది, మసాకి కొబయాషి సినిమా. దీని దగ్గర కొంచెం ఆగాలి. దాదాపు మూడు గంటలు ఉంటుంది, ఆ నిడివి చూసే జనం పారిపోతారు, కానీ అందులో ఉన్నవి నాలుగు విడివిడి కథలు, రోజుకొకటి చూస్తే సరిపోతుంది, ఒకే రాత్రి మొత్తం చూడాలనే నియమం ఏం లేదు. దాదాపు అంతా సెట్లలోనే తీశారు, ఆకాశం కూడా చేత్తో గీసిన పెయింటింగే, ఒక కథలో ఆ ఆకాశంలో పెద్ద కన్ను మనల్నే చూస్తూ ఉంటుంది. మూడో కథ ఎట్టి పరిస్థితుల్లో మిస్ అవ్వద్దు. గుడ్డివాడైన ఒక సంగీతకారుడు, పేరు హోయిచి, ఎప్పుడో యుద్ధంలో చచ్చిపోయిన వాళ్ల ఆత్మలు రాత్రిళ్లు వచ్చి పాడమని పిలుచుకెళ్తుంటాయి. గుడిలో పూజారులు అతన్ని కాపాడ్డానికి ఒళ్లంతా మంత్రాలు రాస్తారు, మొహం మీద, అరచేతుల మీద, ఎక్కడా ఖాళీ లేకుండా. చెవుల మీద రాయడం మర్చిపోతారు. మిగతాది చెప్పను. మన ఇళ్లల్లో అమ్మమ్మలు చెప్పే కథలు విని పెరిగినవాళ్లకి ఈ కథ చాలా తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే ఇందులో దెయ్యానికి ఒక లెక్క ఉంది, రక్షకి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతిలో చిన్న తప్పుకి పెద్ద శిక్ష ఉంది.

ఇప్పుడు మూకీల సంగతి, ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే కాబట్టి. 1922 నోస్ఫెరాటు, జర్మనీ, మూర్నౌ డైరెక్టర్. డ్రాక్యులా నవల హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీశారు, రచయిత భార్య కోర్టుకెళ్లింది, ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని తీర్పొచ్చింది, అప్పటికే వేరే చోట్లకి వెళ్లిన కాపీలు ఉండబట్టి సినిమా బతికింది. యూట్యూబ్‌లో ఫ్రీగా దొరుకుతుంది, కానీ ఏ కాపీ చూస్తున్నామో చూసుకోవాలి. చాలావరకు ఉత్త నలుపు తెలుపు కాపీలే కనిపిస్తాయి, వాటిల్లో రక్తపిశాచి పట్టపగలే శవపేటిక చంకలో పెట్టుకుని ఊళ్లో తిరుగుతున్నట్టు ఉంటుంది, ఎండకి చచ్చిపోయేవాడు ఎండలో ఎలా తిరుగుతున్నాడు అని మనకి నవ్వొస్తుంది. అసలు విషయం ఏంటంటే అప్పట్లో రాత్రి సీన్లు పగలే తీసి ఆ ప్రింటుకి నీలం రంగు వేసేవాళ్లు, నీలం కనపడితే రాత్రి అని జనానికి అర్థం. కాబట్టి రంగులు వేసి రీస్టోర్ చేసిన వెర్షనే వెతకండి, సినిమా మొత్తం మారిపోతుంది. మ్యూజిక్ కూడా అంతే, అప్పట్లో దానికోసం రాసిన సంగీతం చాలావరకు పోయింది, ఇప్పుడు ఒక్కో కాపీకి ఒక్కో మ్యూజిక్ ఉంటుంది, పది నిమిషాలు చూశాక చెవులకి పడకపోతే ఇంకో కాపీకి మారిపోండి. 1920 డాక్టర్ కాలిగరి ఐతే రెండో సినిమాగా పెట్టుకోండి, అందులో వంకర ఇళ్లు, వంకర కిటికీలు, నీడలు కూడా చాలావరకు సెట్ మీద రంగుతో గీసినవే.

ఇదే కాపీ గోల 1968 నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌కి కూడా ఉంది. సినిమా పేరు చివర్లో మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ లైను వెయ్యడం మర్చిపోయారు, దాంతో అది ఎవరైనా వేసుకోదగ్గ సినిమా ఐపోయింది, అందుకే నెట్ నిండా మసకబారిన కాపీలు. 2016లో రీస్టోర్ చేసింది చూడండి, జాంబీలకంటే ఆ ఇంట్లో ఇరుక్కున్న మనుషుల మధ్య గొడవలే ఎక్కువ భయపెడతాయని అప్పుడు తెలుస్తుంది.

చూపించి భయపెట్టేది ఇష్టమైతే అది కూడా గొప్ప దారే, దాన్ని తక్కువ చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. 1931 ఫ్రాంకెన్‌స్టైన్‌లో జాక్ పియర్స్ మేకప్, తర్వాత ఇంగ్లండ్‌లో హ్యామర్ కంపెనీ రంగుల్లో చూపించిన ఎర్రటి రక్తం, 1981లో తోడేలు మనిషి సినిమా యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్‌కి రిక్ బేకర్ చేసిన మేకప్, ఆస్కార్ వాళ్లు మేకప్‌కి పెట్టిన కొత్త విభాగంలో మొదటి అవార్డు దానికే ఇచ్చారు. 1982 ది థింగ్ మాత్రం తప్పనిసరి. అంటార్కిటికా మంచులో ఒక క్యాంపు, ఏ మనిషి రూపంలోకైనా మారగలిగే జీవి. రక్తం గిన్నెల్లో పెట్టి, వేడి తీగ ఒక్కోదాంట్లో ముంచి ఎవడు మనిషో ఎవడు కాదో తేల్చే సీన్ చూడండి, అనుమానితుల్ని కదలకుండా కట్టేసి ఉంటారు, మీరు కూడా కూర్చున్నచోట కదలరు. రిలీజైనప్పుడు విమర్శకులు దీన్ని తిట్టిపోశారు, జనం చూడలేదు, తర్వాత వీడియో క్యాసెట్లలో చూసినవాళ్లు దీన్ని నిలబెట్టారు. మన దగ్గర హిందీ సినిమా తుంబాడ్ కూడా అంతే కదా, 2018లో పెద్దగా ఆడలేదు, 2024లో మళ్లీ రిలీజ్ చేస్తే మొదటిసారికంటే ఎక్కువ వసూలు చేసింది. అందుకే పాత రేటింగ్ చూసి ఏ సినిమానీ పక్కన పెట్టొద్దు.

ఈ వరసలోకి మన విఠలాచార్యని కూడా తీసుకురండి దయచేసి. 1978 జగన్మోహినిలో దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టి వంట చేస్తుంది, ఇప్పుడు మీమ్స్‌లో నవ్వుకుంటున్నాం గానీ ఆ రోజుల్లో ఊళ్లల్లో పిల్లల్ని పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే భయపెట్టిన సీన్ అది. కంప్యూటర్ లేని కాలంలో కెమెరా ట్రిక్కులతో ఆయన ఎన్ని చేశాడో ఒక్కో షాట్ ఆపి చూస్తే అర్థమవుతుంది.

ఇక ఆల్రెడీ చూసేసినవి మళ్లీ చూడ్డం, నాకు కొత్తవి చూడ్డం కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. రెండు పనులు చెప్తాను. మొదటిది సౌండ్ తీసేసి చూడటం. 1960 సైకోలో షవర్ సీన్ ఒకసారి మ్యూట్‌లో చూడండి, తర్వాత సౌండ్‌తో. అసలు డైరెక్టర్ హిచ్‌కాక్ ఆ సీన్‌కి మ్యూజిక్ వద్దన్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ అయినా వయొలిన్లతో చేసి వినిపిస్తే ఒప్పుకున్నాడు, మీరు రెండు రకాలుగా చూస్తే ఆ నిర్ణయం విలువేంటో మీకే తెలుస్తుంది. దీనికి రివర్స్ కూడా చెయ్యండి, 2009 అరుంధతిలో పశుపతి సీన్లు కళ్లు మూసుకుని వినండి. తెర మీద సోనూ సూద్, గొంతు రవిశంకర్‌ది, సగం భయం ఆ గొంతులోనే ఉంది. బనగానపల్లెలో ఆ సినిమా తీసిన నవాబు బంగ్లాని ఇప్పటికీ జనం అరుంధతి కోట అనే అంటున్నారంటే చూడండి.

రెండోది, ట్విస్టు తెలిసిన సినిమాని ఆ ఒక్క పాత్రనే చూస్తూ మళ్లీ చూడటం. మనకి చంద్రముఖి బాగా తెలుసు, దాని అసలు మలయాళంలో 1993 మణిచిత్రతాళ్, ఫాజిల్ డైరెక్టర్. కథ తెలుసు కదా అని వదిలెయ్యకండి, తెలుసు కాబట్టే చూడండి. మిగతావాళ్లు మాట్లాడుకుంటున్నప్పుడు వెనకాల శోభన ఏం చేస్తోంది, కళ్లు ఎక్కడున్నాయి, తాళం తియ్యొద్దు అన్నప్పుడు మొహంలో ఏం మారింది, ఇవే చూస్తూ కూర్చోండి. ఆమెకి జాతీయ అవార్డు ఎందుకిచ్చారో క్లైమాక్స్ దాకా వెళ్లక్కర్లేకుండానే తెలిసిపోతుంది. అదే ఊపులో రామ్ గోపాల్ వర్మ 1992 రాత్రి కూడా పెట్టుకోండి, రేవతి వెనకాల కెమెరా ఎలా తిరుగుతుందో చూడండి, దెయ్యం లేని షాట్‌లో కూడా ఎవరో ఫాలో అవుతున్నట్టే ఉంటుంది.

చూసే పద్ధతి గురించి రెండు మాటలు. లైట్లు తీసెయ్యండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాకైతే టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఆఫ్ చెయ్యండి, లేకపోతే సీరియల్ లాగా కనపడుతుంది. టీవీ స్పీకర్ బాగోకపోతే హెడ్‌ఫోన్స్ వాడండి, హాంటింగ్ లాంటి సినిమాలో గుసగుసలు వినపడకపోతే చూసీ ఉపయోగం లేదు. వేరే భాషవి డబ్బింగ్‌లో కాకుండా సబ్‌టైటిల్స్‌తోనే చూడండి, భయపడ్డ మనిషి గొంతుని ఇంకొకళ్లు మళ్లీ చెప్తే ఆ వణుకు పోతుంది. పాత సినిమాకి మొదటి ఇరవై నిమిషాలు ఇవ్వండి, వాటి నడక నెమ్మది, అందులోకి మనం దిగడానికి ఆ మాత్రం టైం పడుతుంది. దిగలేకపోతే ఆపేసి ఇంకో నెల పోయాక రండి. పిల్లలు పక్కనుంటే మాత్రం థింగ్, సైకో వద్దు, జగన్మోహినితో మొదలెట్టండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని కూడా కూర్చోబెట్టండి, వాళ్లు టూరింగ్ టాకీస్‌లో ఏ సీన్‌కి కళ్లు మూసుకున్నారో అడగండి, మీ లిస్టులోకి ఇంకో నాలుగు సినిమాలు వచ్చి చేరతాయి.